సాసర్లో మూడు చిల్లులు

మా అమ్మాయికి ఈమధ్యే పదహారు నిండాయి. ఈ ఆస్ట్రేలియా ఊళ్లో పదహారు నిండిన పిల్లలు మొట్టమొదట అడిగేది కారు తాళాలు. ఆ తాళాలకు ముందు, నేర్చుకునేవాళ్లు కారుకు తగిలించే ఎల్ ప్లేట్లు కావాలి, ఆ ప్లేట్లకు ముందు పుట్టిన సర్టిఫికెట్టు కావాలి. మా ఇంట్లో ముఖ్యమైన కాగితాలన్నిటినీ నేను ఒకే అట్టపెట్టెలో వేసి, దానిమీద లావుపాటి అక్షరాలతో 'ముఖ్యం' అని రాసి గరాజ్‌లో పెట్టాను. అందుకే కావలసినప్పుడు ఒక్కటీ దొరకదు. పోయిన శనివారం మధ్యాహ్నం స్కోఫీల్డ్స్‌లో ఉన్న మా ఇంటి గరాజ్ తలుపు పైకెత్తి, ఆ పెట్టెను మధ్యన పెట్టుకుని తండ్రీకూతుళ్లం నేలమీద చతికిలబడ్డాం. ఆమధ్య పెద్దవానలకు గరాజ్‌లోకి నీళ్లొచ్చినప్పుడు ఆ పెట్టె నానింది. ఇప్పుడు కాగితాలన్నీ అప్పడాల్లా పెళపెళలాడుతున్నాయి. వాటిలోంచి మా అమ్మాయి నాలుగు మడతలు పెట్టిన ఒక క్యాలెండర్ కాగితం పైకి లాగింది. ఒకవైపు గొర్రెల మంద బొమ్మ. రెండోవైపు పెన్సిలుతో గీసిన సాసరంత గుండ్రం, అందులో మూడు చిల్లులు, బయట నీళ్లకి చదవరాకుండా పోయిన పెన్సిలు రాత. "నాన్నా, వాట్స్ దిస్? హూ షాట్ దిస్?" అంది. "ముందు నీ సర్టిఫికెట్టు వెతుకు" అన్నాను. తొమ్మిదేళ్లుగా ఆ కాగితం ఊసు ఎవరెత్తినా నేను మరో కాగితం వెతుకుతూనే ఉన్నాను.

అసలు దీనికంతటికీ మూలం ఒక నల్ల ఎలుగుబంటి. ఆస్ట్రేలియాలో ఎలుగుబంట్లు లేవు. ఉన్నదల్లా కోలా, దాన్ని ఎలుగు అనకూడదని ఇక్కడి పిల్లలు ఒకటో తరగతిలోనే మనల్ని దిద్దేస్తారు. నా ఎలుగుబంటి కెనడాది. అది మా బావమరిది ఫోనులోంచి మా ఇంట్లోకి వచ్చింది. మా ఆవిడ తమ్ముడు చిన్నప్పుడు భీమవరంలో బొద్దింకను చూస్తే మంచమెక్కి అరిచేవాడట. అలాంటివాడు కెనడా వెళ్లాక, ఆ చలికి ఏ నరం బిగిసిందో గాని, వేట నేర్చుకున్నాడు. ఒకరోజు ఫ్యామిలీ గ్రూపులో, పడిపోయిన నల్ల ఎలుగుబంటి పక్కన మోకాలిమీద కూర్చుని, చేతిలో తుపాకితో, ముఖాన చిరునవ్వుతో ఫొటో పెట్టాడు. పెద్దమ్మలు, పిన్నులు అందరూ దండాల బొమ్మలు పెట్టారు, ఎలుగుబంటికో వాడికో తెలియదు. ఆ సాయంత్రమే నాకు ఫోను చేశాడు. "బావా, నెక్స్ట్ స్ప్రింగ్‌కి వచ్చెయ్. పర్మిట్లు, గైడు, అంతా నేను చూసుకుంటా. గన్ మాత్రం నీదే తెచ్చుకో. ఇంకొకడి గన్‌తో వేటకెళ్లడం అంటే ఇంకొకడి చెప్పులేసుకుని పెళ్లిచూపులకి వెళ్లినట్టే" అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. "భయమైతే చెప్పెయ్ బావా, నేనేం అనుకోను" అని కూడా అన్నాడు. నేను ఎలుగుబంటికి భయపడతాను. కానీ బావమరిది ఏమీ అనుకోకుండా ఉండటానికి అంతకన్నా ఎక్కువ భయపడతాను.

మా ఆఫీసులో నేను టెస్టింగ్ మేనేజర్ని. ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. నేను 'పాస్' అని సంతకం పెడితేనే ఏదైనా బయటికి పోతుంది. ఆ సంతకం నేను ఊరికే పెట్టనని మా ఫ్లోరులో పేరు. అంచేత తుపాకి ఎంచుకోవడం కూడా నా పద్ధతిలోనే మొదలుపెట్టాను. లైసెన్సు క్లాసుకు వెళ్లాను, పరీక్ష రాశాను, గరాజ్ గోడకి ఇనుప బీరువా బిగించాను. పోలీసుల నుంచి అనుమతి వచ్చేలోగా ఒక ఎక్సెల్ షీటు తయారుచేశాను. అందులో నలభై రకాల తుపాకులు, నూటపాతిక రకాల తూటాలు. తూటా బరువు, వేగం, శక్తి, నల్ల ఎలుగుమీద ఎవరెవరు ఏం వాడారు, ఎన్ని అడుగుల దూరంలో అది పడిపోయింది, అన్నీ గళ్లలో నింపాను. తూటా బరువును గ్రెయిన్లలో, అంటే గింజల్లో తూస్తారని తెలిసి సంతోషించాను. గోదావరి జిల్లావాణ్ణి, గింజల విషయంలో నన్ను ఎవరూ మోసం చేయలేరనుకున్నాను. చివరి గడిలో ఒక్క అంశం మాత్రం ఉండేది. కాల్చినప్పుడు తుపాకి వెనక్కి భుజంమీద తన్నే తన్ను. దానికి నేను మార్కులేమీ వేయలేదు. తన్ను తాను ఎరగని మనిషి తన్నును మాత్రం ఏం లెక్కపెడతాడు!

షీటు కింద తేలిన ఫలితం త్రీ-థర్టీ-ఎయిట్ మాగ్నమ్ అనే భారీ తుపాకి. తుపాకుల దుకాణంలో ఉన్న పెద్దావిడ నా కాగితం చదివి, నన్ను పైనుంచి కిందికి చూసి, మళ్లీ కాగితం చదివింది. నల్ల ఎలుగుకి దానికన్నా చిన్న త్రీ-నాట్-ఎయిట్ చాలు, నూట ఎనభై గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్ తూటా వాడు, అది లోపలికి వెళ్లి పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, నీకూ ఎలుగుకీ ఇద్దరికీ సుఖం అంది. మధ్యలో సున్నా ఉన్న తుపాకి నాకు నచ్చలేదు. పెద్దదే కావాలన్నాను. ఆవిడ వెనక గోడమీద వరసగా పెట్టిన తుపాకుల్ని వేలితో చూపించి, "అవన్నీ ఒక్క పెట్టె తూటాలు కాల్చి తిరిగి తెచ్చిచ్చినవి. అన్నీ నీలాంటి మంచి మనుషులవే" అంది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. కొన్నాక షూటింగ్ క్లబ్బుకి తీసుకెళ్లి ఐదు తూటాలు కాల్చాను. ఐదు గుళ్లు ఎటు వెళ్లాయో నేను చూడలేదు, ఎందుకంటే ఐదుసార్లూ నా కళ్లు మూసుకునే ఉన్నాయి. భుజం నేరేడుపండు రంగుకి తిరిగితే ఇంట్లో బాడ్మింటన్ అని చెప్పాను.

ఆ దసరాకి మా అత్తగారు ఇక్కడే ఉన్నారు, ఆరునెలల వీసామీద. ఇంట్లో తుపాకి ఉందని తెలిసి ఆవిడ భయపడతారేమో అనుకున్నాం. ఆవిడ మురిసిపోయారు. "ఆయుధపూజ నాడు ఇంట్లో ఆయుధం ఉండీ బొట్టు పెట్టకపోతే ఎలా అల్లుడుగారూ? ఇన్నేళ్లూ కారుకీ మిక్సీకీ పెట్టి పెట్టి నాకే నామోషీగా ఉండేది" అన్నారు. "అమ్మా, నీకు పుణ్యముంటుంది, దాని జోలికి పోకు" అని మా ఆవిడ మొత్తుకుంది. నేను మాత్రం చట్టప్రకారం అన్నీ చేశాను. తూటాలు వాటి పెట్టెలో తాళం వేసి ఉన్నాయి. తుపాకి వెనక తెరిచి మూసే బోల్టు ఊడదీసి బీరువాలోనే ఉంచాను. ఒట్టి తుపాకిని దేవుడి అలమర పక్కన, మూతి పైకి పెట్టి నిలబెట్టి, పక్కనే కాపలా నిలబడ్డాను. అత్తగారు దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, కళ్లు మూసుకుని ఏదో గొణిగి, గుప్పెడు అక్షింతలు చల్లారు. పసుపూ నెయ్యీ కలిపిన అక్షింతలు కొన్ని నా నెత్తిన, కొన్ని నేలమీద పడ్డాయి. కొన్ని ఎక్కడ పడ్డాయో ఆ పూట ఎవరూ చూడలేదు. పూజయ్యాక పైపైన గుడ్డతో తుడిచి లోపల పెట్టేశాను.

ఎలుగుకి ముందు అలవాటు కోసం అడవిపందుల్ని కాల్చి చూడమని బావమరిది సలహా. పంటల్ని తవ్విపోసే పందులంటే ఇక్కడి రైతులకు మంట. అడిగితే పొలంలోకి రానిస్తారు. మా ఆఫీసులో నా పక్కసీటు ఆవిడ తండ్రికి డబ్బో అనే ఊరు దాటి ఇంకా మూడు గంటలు పోతే పెద్ద పొలం ఉంది. ఆవిడే తండ్రికి నా గురించి చెప్పి ఒప్పించింది. "డాడ్, మా టీములో ఏ తప్పూ ఈయన కన్నుగప్పి పోదు" అని చెప్పిందట. ఆ మాటతో ఆ పెద్దాయన, ముక్కూ మొహం తెలియని నాకు, తన పొలంలో వేటాడుకోవచ్చని సంతకం పెట్టిన ఉత్తరం పంపించాడు. దసరా అయిన వారానికి, ఒక శుక్రవారం, తెల్లవారుతూనే బయల్దేరి మధ్యాహ్నానికి చేరాను. ఆయనకు డెబ్బై దాటాయి. ఎండకి ఎర్రబడ్డ మెడ, అంచు చిరిగిన టోపీ, కుడిమోకాలు కొంచెం మొరాయిస్తున్నట్టు నడక. మాటలు తక్కువ. ఆయన అన్నవి నాకు గుర్తున్నంత వరకు తెలుగులోనే చెబుతాను, 'మేట్' అన్నది మాత్రం అలాగే ఉంచుతాను. దానికి మన దగ్గర మాట లేదు. 'తమ్ముడూ', 'ఒరేయ్', 'బాబూ' మూడూ కలిపి నలిపితే దాని దగ్గరికి వస్తుంది.

తుపాకి చేతికివ్వగానే ఆయన బోల్టు తీసి, గొట్టాన్ని ఆకాశానికెత్తి ఒక కన్నుతో లోపలికి చూశాడు. కొత్తగా వచ్చిన ఎవరి తుపాకినైనా ముందు అలాగే చూస్తాడట. చాలాసేపు చూశాడు. తర్వాత ఇనపకడ్డీకి గుడ్డ చుట్టి గొట్టంలోకి తోసి, ఇవతలివైపు అరచెయ్యి పట్టాడు. ఆ గరుకు అరచేతిలో మూడు పచ్చటి బియ్యపుగింజలు పడ్డాయి, నేతిజిడ్డుతో. "దీనికి అన్నం ఎవరు పెడుతున్నారు, మేట్?" అన్నాడు. నేను సిగ్గుతో సగమై, అత్తగారు, పండగ, ఆశీర్వాదం అంటూ నత్తినత్తిగా వివరించాను. ఆయన గింజల్ని కిందపడేయకుండా కంచె కర్రమీద పెట్టి, "మా పెళ్లికి కూడా నామీద బియ్యం చల్లారు. ఆ తర్వాత చాలాకాలం నేనూ సూటిగా పనిచేయలేదు" అన్నాడు. తర్వాత నవ్వు ఆపి, గొట్టంలో ఏదైనా అడ్డుండగా కాలిస్తే అది నీ ముఖంమీదే పేలొచ్చు, ఇంకెప్పుడూ చూడకుండా కాల్చకు అన్నాడు. ఆరోజు ఆయన నన్ను మొదటిసారి కాపాడటం అది.

వంటింటి గోడకున్న క్యాలెండర్లోంచి అయిపోయిన నెల కాగితం చింపి, టీ కప్పు కింది సాసరు బోర్లించి చుట్టూ పెన్సిలుతో గీశాడు. కాగితాన్ని వంద మీటర్ల అవతల అట్టకి గుచ్చి వచ్చి, తన నియమం చెప్పాడు. "పందైనా, నీ ఎలుగైనా, చంపే చోటు సాసరంతే ఉంటుంది. తుపాకి పెద్దదైతే సాసరు పెద్దదవదు. వరసగా మూడు అందులో పెట్టు, రేపు పొద్దున్న పందుల దగ్గరికి తీసుకెళ్తా. పెట్టలేకపోతే తప్పేం లేదు, రేపు ఊరికే తిరిగొద్దాం, వచ్చే నెల మళ్లీ రా. కానీ నా పొలంలో మొదటి గుండుకే పడాలి. గాయపడి బతికేది ఏదీ ఉండకూడదు." నేను బల్లమీద మోచేతులానించి, పీల్చిన ఊపిరి బిగబట్టి, కళ్లు మూసుకుని మీట నొక్కాను. లోకం ఒక్కసారి వెనక్కి తన్నింది. తుపాకి పైనున్న, గురి చూసే దూరదర్శిని వచ్చి రెండు కనుబొమల మధ్య సూటిగా కొట్టింది. కళ్లు తెరిచేసరికి ముక్కుమీదుగా నెత్తురు కారుతోంది. వారం కిందట దానికి మేం బొట్టు పెట్టాం, ఇప్పుడు అది నాకు పెట్టింది. ఇంత మర్యాద తెలిసిన ఆయుధం మరొకటి ఉండదు.

పెద్దాయన నీళ్లిచ్చి, దూది అంటించి, లోపలికెళ్లి తన తుపాకి తెచ్చాడు. పాత త్రీ-నాట్-ఎయిట్. పట్టుకునేచోట చెక్క అరిగి నున్నబడింది. "ఇది తీసుకో. నీ ఎలుగు తేడా కనిపెట్టలేదు" అన్నాడు. ఆ పూట ఆ చెక్కమీద చెయ్యి వేసి ఉంటే నేను ఇదంతా రాయవలసిన పని ఉండేది కాదు. నేను వద్దన్నాను. ఎలుగుకి తీసుకెళ్లేది నాదే కాబట్టి దాంతోనే అలవాటు కావాలన్నాను. అది మాటవరసకి సబబుగానే ఉంది. లోపల మాత్రం నలభై వరసల షీటు, బావమరిది నవ్వు, దుకాణం గోడమీది తుపాకులు వరసగా కనిపిస్తున్నాయి. సరే, నేను గొర్రెల తొట్టికి నీళ్లు తోడే పంపు చూసి వస్తాను, నువ్వు తీరిగ్గా కాల్చుకో అని ఆయన బండిలో వెళ్లాడు. గంటసేపు నేనూ, తుపాకీ, ఈగలూ. తొమ్మిది గుళ్లు కాల్చాను. ప్రతిసారీ మీట దగ్గరికి వేలు వెళ్లకముందే భుజం వెనక్కి దాక్కునేది, కళ్లు వాటంతటవే మూతపడేవి. నడిచివెళ్లి చూస్తే కాగితం అంచున రెండు, అట్టమీద ఒకటి, సాసర్లో ఒకే ఒక్కటి. మిగిలినవి దేశమంతా నాదే అన్నట్టు వెళ్లిపోయాయి.

దూరంగా బండి వస్తున్న దుమ్ము లేచింది. నేను చేసింది చేసినట్టు చెబుతాను. చొక్కాజేబులో ఎప్పుడూ ఉండే బాల్‌పెన్ను తీసి, నేను కాల్చిన ఒక్క చిల్లు పక్కన ఒకటి, దాని కింద ఒకటి, సాసర్లో రెండు చిల్లులు పొడిచాను. పెన్ను తిప్పి తిప్పి అసలుదంత వెడల్పు చేశాను. అంచు చిల్లులున్న మేర కాగితం మడిచి చింపేశాను. నిలబడి చూసుకుంటే ముచ్చటేసింది కూడా. అక్కడికక్కడే ఫొటో తీశాను. ఇరవైయేళ్లుగా ఇతరుల దొంగ టెస్టులు పట్టుకుని, వాళ్లను గదిలోకి పిలిచి, 'ఇది నిజంగా నడిపి చూశావా, లేక పాస్ అని రాశావా?' అని నిలదీసినవాణ్ణి. నాకు నేను 'పాస్' రాసుకోవడానికి అర నిమిషం కూడా పట్టలేదు. పెద్దాయన వచ్చాడు. కాగితం చాపాను. ఆయన కళ్లద్దాలు ఇంట్లో ఉన్నాయి. చేతికి అందుకుని, మూడు చిల్లుల్నీ బొటనవేలితో తడిమి, మడిచి చొక్కాజేబులో పెట్టుకుని, "నువ్వు చెప్పావు కదా, చాలు. ఐదింటికి లేపుతాను" అన్నాడు. కాల్చే చోట ఫోను సిగ్నలు లేదు గాని వరండాలో ఒక మూల దొరికింది. ఫొటో ఫ్యామిలీ గ్రూపుకి వెళ్లింది. బావమరిది "బావా!!! ఎలుగుకి ఇవ్వాళే విషయం చెప్తా, వీలునామా రాసుకుంటుంది" అన్నాడు. అత్తగారు గొంతు రికార్డు చేసి పంపారు: "నేను చెప్పలా? అక్షింతల మహిమ అండీ అల్లుడుగారూ!"

పొద్దున్నే ఎండిపోయిన వాగు గట్టున బోర్లా పడుకున్నాం. నేల చల్లగా ఉంది, గాలన్నది లేదు, వాగులో పొదల మధ్య బురద వాసన. ఐదారు పందులు వచ్చాయి. ముందున్న ఆడపంది పక్కకి తిరిగి నిలబడింది, డెబ్బై మీటర్లు కూడా లేదు. పెద్దాయన నా చెవిలో, "తొందరలేదు. నమ్మకం లేకపోతే వదిలెయ్. కాల్చకపోవడం ఎప్పుడూ తప్పు కాదు, మేట్" అన్నాడు. అది నాకు ఆయన ఇచ్చిన ఆఖరి అవకాశమని అప్పుడు తెలియదు. గురి అన్న మాటకి మన భాషలో రెండు అర్థాలున్నాయి. తుపాకికి ఉండవలసిన గురి నా దగ్గర లేదు, ఆయనకు నామీద కుదిరిన గురి మాత్రం పక్కనే పడుకుని ఉంది. కళ్లు మూసుకున్నాను. పేలింది. కళ్లు తెరిచేలోపే ఆ అరుపు వినిపించింది. చిన్నపిల్ల తలుపుసందులో వేలు పడితే అరిచే అరుపు, కాకపోతే ఆగదు. పంది వెనకభాగం ఈడ్చుకుంటూ పొదల్లోకి పోయింది. గుండు పొట్టలో ఎక్కడో తగిలింది.

పెద్దాయన నావైపు చూడలేదు. నా తుపాకి తీసుకుని, తూటాలు బయటికి లాగేసి, దాన్ని బండిలో పెట్టి తాళం వేశాడు. తన తుపాకి భుజాన వేసుకుని నెత్తుటి చుక్కల వెంట నడిచాడు. వెనక నేను. ఎండెక్కింది. ముళ్లపొదల కింద పాకాం, వాగు మూడుసార్లు దాటాం. గంటలు గడుస్తున్నాయి. మధ్యమధ్య అరుపు వినిపించేది, దగ్గరికి వెళితే ఆగేది, ఇంకొంచెం దూరంలో మళ్లీ మొదలయ్యేది. వెనక్కి వెళదామా, మీ మోకాలు… అని ఒకసారి అన్నాను. "గాయపడ్డదాన్ని వదిలి ఇంటికి పోం" అన్నాడు, అంతే. ఒక గట్టు దిగుతుండగా ఆయన కాలు జారింది. పడలేదు, పడ్డా బాగుండేదేమో. మోకాలు మెలిపడి, పళ్లు బిగించి, ఒక చెట్టు మొదలు పట్టుకుని నిలబడ్డాడు. నేను పట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టి, కుంటుకుంటూ మళ్లీ నడిచాడు. పొద్దున ఇంచుమించు పది గంటలవేళ అది ఒక గుంతలో పడి ఉంది, మమ్మల్ని చూసింది, లేవలేకపోయింది. ఆయన ఒక్కటే కాల్చాడు. తర్వాత టోపీ తీసి, ఆ గుంత ఒడ్డున కూర్చుని మోకాలు పట్టుకున్నాడు. మొహం తుడుచుకోవడానికి జేబులో చెయ్యి పెడితే చేతిరుమాలుతో పాటు ఆ కాగితం వచ్చింది. ఈసారి కళ్లద్దాలున్నాయి. కాగితాన్ని విప్పి సూర్యుడికి ఎత్తి పట్టుకున్నాడు.

గుండు కాగితంలోంచి పోతే చిల్లు చుట్టూ బూడిదరంగు మసివలయం మిగులుతుంది. పెన్ను పొడిస్తే మిగలదు. ఇది నాకు తర్వాత తెలిసింది, ఆయనకు అరవైయేళ్లుగా తెలుసు. వెలుగు మూడు చుక్కలుగా ఆయన ముఖంమీద పడింది. కాగితం దించి, నావైపు చూశాడు. ఏమీ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణని నన్ను నేను ఇన్నేళ్లూ నమ్మించుకున్నాను గాని, అది కూడా అబద్ధమే. ఎందుకంటే నేనే నోరు తెరిచి, "గాలి కొంచెం తోసినట్టుంది" అన్నాను. ఆ పూట ఆ వాగులో ఆకు కూడా కదల్లేదు. ఆయన కాగితాన్ని ఎప్పటిలాగే నాలుగు మడతలు పెట్టి, "పద, టీ తాగుదాం" అన్నాడు.

సోమవారం ఆఫీసులో పక్కసీటు ఆవిడ, "డాడ్ పంపు దగ్గర జారిపడ్డాట్ట, మోకాలికి ఆపరేషన్ చెయ్యాలంటున్నారు. నువ్వు అక్కడ ఉండటం మంచిదైందట, బాగా సాయం చేశావట, థాంక్యూ" అంది. నేను "పర్లేదు" అన్నాను. ఆ మనిషి జీవితంలో ఎన్ని అబద్ధాలాడాడో తెలియదు, నన్ను కాపాడటానికి మాత్రం ఒకటి ఆడాడు. రెండు వారాల తర్వాత ఆవిడే ఒక కవరు తెచ్చి నా బల్లమీద పెట్టింది. లోపల ఆ కాగితం. గుండ్రం బయట, పెన్సిలుతో, పెద్దపెద్ద అక్షరాల్లో రెండు వాక్యాలు: 'ఇందులో నీది ఒక్కటే. మిగిలిన రెండూ పెట్టడానికి ఎప్పుడైనా రా, నా తుపాకి ఇస్తాను.'

వెళ్లలేదు. మోకాలు కుదుటపడ్డాక వెళదామనుకున్నాను, చలికాలం పోయాక అనుకున్నాను, అమ్మాయి స్కూలు సెలవులకి అనుకున్నాను. నా మాగ్నమ్‌ను తిరిగి దుకాణానికి ఇస్తే ఆ పెద్దావిడ గోడమీద ఖాళీగా ఉన్న చోట పెట్టింది. కెనడా ప్రయాణానికి భుజం నెప్పి అడ్డం పెట్టాను. ఎలుగు నాకు దొరక్కుండా పోయిందని బావమరిది ఇప్పటికీ బాధపడతాడు. మా అత్తగారు భీమవరంలో ఏ పేరంటానికి వెళ్లినా, అల్లుడు మూడు గుళ్లూ సాసర్లో పెట్టిన సంగతి, అది తన అక్షింతల వల్లేనన్న సంగతి చెబుతూనే ఉంటారు. ఒక్కోసారి నన్ను వీడియో కాల్లో పిలిచి ఎవరికో చూపిస్తారు. నేను నమస్కారం పెడతాను. పెద్దాయన పొలం అమ్మేశాడు. నేను తొమ్మిది గుళ్లు చల్లిన ఆ బయలంతా ఇప్పుడు సోలార్ పలకలు. ఆయన సముద్రం పక్కన చిన్న ఊళ్లో, కొత్త మోకాలితో, చేపలు పట్టుకుంటున్నాడని పక్కసీటు ఆవిడ చెబుతుంటుంది. మిగిలిన రెండూ పెట్టడానికి ఇప్పుడు ఆ చోటే లేదు.

శనివారం గరాజ్‌లో ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. తెలుగులోనే చెప్పాను, నెమ్మదిగా, పంది అరుపు దగ్గర కూడా ఆపకుండా. అది నవ్వుతుందేమో అనుకున్నాను. అక్షింతల దగ్గర నవ్వింది. పెన్ను దగ్గర నవ్వలేదు. "బట్ యు చెక్ అదర్ పీపుల్స్ టెస్ట్స్" అంది. అవునన్నాను. "డజ్ అమ్మమ్మ నో?" అంది. "ఇంకా లేదు" అన్నాను. "కాల్ హిమ్, నాన్నా" అంది. సోమవారం పక్కసీటు ఆవిడను అడిగి నంబరు తీసుకున్నాను. మూడు రోజులైంది. ఆ నంబరున్న చీటీ చొక్కాజేబులోనే ఉంది, పెన్ను పక్కన.

ఇంతకీ సర్టిఫికెట్టు దొరికింది, పెట్టెలో కాదు, మా ఆవిడ బీరువాలో. ఆ శనివారం గరాజ్ నేలమీంచి లేచేముందు మా అమ్మాయి కాగితాన్ని గరాజ్ తలుపు వెలుగుకి ఎత్తి పట్టుకుని, "సో, విచ్ వన్ ఈజ్ యువర్స్?" అంది. వేలు పెట్టి చూపించబోయాను. వాననీళ్లకి కాగితమంతా టీ మరకలా ఒకే రంగు తిరిగింది, మసివలయం కడుక్కుపోయింది, చిల్లుల అంచులు మూడూ ఒకేలా చివికిపోయాయి. ఒకప్పుడు పెద్దాయన ఒక్క చూపుతో పట్టేసినదాన్ని నేను మూడుసార్లు తిప్పి చూసినా పోల్చుకోలేకపోయాను. తొమ్మిదేళ్లలో కాలం నా తప్పును చెరిపేయలేదు, నేను నిజంగా కాల్చిన ఆ ఒక్క చిల్లును కూడా తీసుకెళ్లి దాంట్లో కలిపేసింది.